నాలుగు నిమిషాలు చేతులాగితే

మార్చి 2, సోమవారం

మావయ్యా,

మా హాల్లో మూడో వరుస చివర కూర్చునే అక్కకి ఆరో నెల. ఇవాళ ఆవిడ బాత్రూముకి వెళ్ళినందుకు మా సూపర్‌వైజరు ఆవిడ కంప్యూటర్‌కి నెట్ కోసేయించాడు. పన్ను నొప్పి తగ్గిందా అని అడగాల్సిన చోట ఇది రాశానని ఏమనుకోకు. ఇది బయటికి కక్కితే గానీ మిగతా మాటలు రావు.

మా పని నీకు తెలుసు కదా, డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు వింటూ టైపు చేయడం. కిందటి నెల ప్రతి కంప్యూటర్లోనూ ఓ కొత్త ప్రోగ్రామ్ పెట్టారు. నాలుగు నిమిషాలు కీబోర్డు మీద చేతులాడకపోతే అది నెట్‌వర్క్ కనెక్షన్ ఆపేస్తుంది. సగం టైపు చేసిన రిపోర్టు గల్లంతు. మళ్ళీ నెట్ రావాలంటే సూపర్‌వైజరు గాజుగది ముందు నిలబడి, ఎందుకు లేచామో చెప్పుకోవాలి. ఆయన నొక్కితేనే వస్తుంది. ఇవాళ అక్కని మైకులో అడిగాడు, హాలంతా వినేలా, ఎందుకు లేచావమ్మా అని.

అక్క "మనిషిని కదండీ, లేచాను" అంది.

ఎవరూ తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. పొద్దున్నుంచీ అదే గుచ్చుకుంటోంది.

ఇంకో రెండుసార్లు ఇలా అయితే పని మీద శ్రద్ధ లేదని పంపించేస్తానన్నాడు. వచ్చే నెల నుంచి ఆవిడకి కాన్పు సెలవు. ఈలోపల తీసేస్తే సెలవూ ఉండదు, బిడ్డ పుట్టాక తిరిగొచ్చి కూర్చోవడానికి కుర్చీ ఉండదు. ఆ ఇంట్లో ఉద్యోగం ఉన్నది ఆవిడొక్కదానికే.

మొన్న సంఘం మీటింగులో పంచిన కరపత్రంలో ఉంది, యంత్రానికి పగ లేదు, పగంతా దాన్ని తిప్పే చేతిదే అని. ఆ చెయ్యి కోడ్ రాసి కోస్తుంటే మనం కోడ్ రాసి కలపలేమా? నెట్‌వర్కులు చూడడం నువ్వు రోజూ చేసే పనే కదా. కంప్యూటర్ నెట్‌ని ప్రోగ్రామ్ లోంచి ఆపడం, మళ్ళీ నడపడం ఎలాగో రాసి పంపు. సెలవుల్లో నువ్వు నేర్పిన కోడింగ్ నేనింకా మర్చిపోలేదు.

ఉత్తరమే రాయి. ఆఫీసులో మెయిళ్ళు వాళ్ళు చదువుతారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అమ్మది, అమ్మ చెవి దానికంటే పెద్దది.

చల్లారని కోపంతో,
నీ టపాకాయ


మార్చి 5, గురువారం

టపాకాయకి,

నీకు ఆ ముద్దుపేరు పెట్టినరోజు ఎవరైనా నా నోరు నొక్కి ఉండాల్సింది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పనికెళ్ళాను, సాయంత్రం దాకా జేబులో నిప్పు పెట్టుకున్నట్టే ఉంది.

పన్ను సంగతి అడగలేదని అడిగావు కాబట్టి చెబుతున్నా. పీకించుకోమన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే నొప్పి సగం తగ్గినట్టనిపించి ఇంటికొచ్చేశాను.

నువ్వడిగింది కష్టమైన పని కాదు, నా భయం కూడా అందుకే. కంప్యూటర్లో ప్రతి నెట్ కనెక్షన్‌కీ ఓ పేరుంటుంది. ప్రోగ్రామ్ లోంచి ఆ పేరు పెట్టి పిలిచి ఆగమనొచ్చు, నడవమనొచ్చు, ఉన్నావా అని అడగొచ్చు. మనం మౌసుతో నొక్కి చేసేదే, కోడ్‌లో ఒక్కోదానికి ఒక్కో వాక్యం. వైరు ముట్టుకోనక్కర్లేదు. ఆ మూడు వాక్యాలూ ఈ కాగితం వెనక రాశాను. అయితే ఆపడానికీ నడపడానికీ ఆ కంప్యూటర్ మీద పూర్తి హక్కులుండాలి. టైపు చేసేవాళ్ళకి ఎవరూ ఇవ్వరు. మీకు ఉండవన్న ధైర్యంతోనే రాస్తున్నాను, నీ కళ్ళు తుడవడానికి రాశాననుకో.

నీకు పనికొచ్చేది ఒక్కటే, ఉన్నావా అని అడిగే వాక్యం. దాన్ని నీ సొంత కంప్యూటర్లో నడిపి చూడు. వాళ్ళ ప్రోగ్రామ్ ఒకసారి కోసి ఊరుకుంటుందో, మాటిమాటికీ తొంగి చూస్తుందో తెలుసుకో. అది తెలియకుండా ఇంకేదీ కదపకు. మిగతాది ఇంకో ఉత్తరంలో రాస్తాను. అది చేరేదాకా ఆగు.

ఆ అమ్మాయి అన్న మాట మళ్ళీ మళ్ళీ చదివాను. హాల్లో నీలా రగిలేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఒక్కదానివే బయల్దేరకు.

గుండె చిక్కబట్టుకుని,
మావయ్య


మార్చి 11, బుధవారం

మావయ్యా,

మాట తప్పింది నువ్వు. ఫోన్ చేయొద్దని చెప్పానా లేదా? ఆదివారం అమ్మకి చేసి, ఆ విషయంలో దాన్ని తొందరపడొద్దను అని చెప్పి పెట్టేశావట. ఏ విషయమో చెప్పలేదట. అప్పట్నుంచి అమ్మ నా కంచం ఎదురుగా కూర్చుని ఎవడే వాడు, ఏం చేస్తుంటాడు, అన్నయ్యో తమ్ముడో ఉన్నాడా అని వాయించేస్తోంది. ఎవడూ లేడంటే నమ్మదు. నీ కవరు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, వాడి చేతిరాత అచ్చం మా తమ్ముడి చేతిరాతలా ఉందేమిటే అని ఆశ్చర్యపోయింది.

నవ్వొచ్చే సంగతే, కానీ నాకు నవ్వు రాలేదు. ఉత్తరంలో ఒకటి రాసి, వెనక నుంచి అమ్మ చేత నన్ను కట్టేయిద్దామనుకున్నావు. అందుకే నీ రెండో ఉత్తరం కోసం చూడలేదు.

హక్కులు మాకుండవన్నావు. ఉన్నాయి. పూర్తి హక్కులు లేకపోతే మా టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదట, అందుకని ఎవరో ఓపిక లేక అందరికీ ఇచ్చి పడేశారు. సోమవారం టీ విరామంలో అక్క కంప్యూటర్లో నా ప్రోగ్రామ్ పెట్టేశాను. మొత్తం పన్నెండు వరుసల కోడ్. నెట్ ఉందా అని చూస్తుంది, లేకపోతే వెంటనే నడవమంటుంది, మళ్ళీ చూస్తుంది. అంతే.

నిన్న అక్క లేచి వెళ్ళొచ్చింది. నెట్ ఉంది, రిపోర్టు ఉంది. ఆవిడ మొహం నువ్వు చూడాల్సింది మావయ్యా, ఎవరో కుర్చీ తుడిచి వేసినట్టు మురిసిపోయింది. సారు మనసు కరిగిందనుకుంది పిచ్చిది. ఇంటికెళ్తూ గాజుగది తలుపు తట్టి, చాలా థాంక్సండీ, మీ మేలు మర్చిపోను అని కూడా చెప్పి వచ్చింది. ఆయన తెల్లమొహం వేసి తలూపాడు. నేను నోట్లో రుమాలు కుక్కుకున్నాను.

అక్కకి చెప్పలేదు. చెబితే బెదిరిపోతుంది. మేలు చేసేవాళ్ళు చప్పట్ల కోసం ఆగరు. వచ్చే వారం మూడో వరుసంతటికీ పెడతాను, ఆ తర్వాత హాలంతటికీ.

నువ్వు భయపడుతూ కూర్చో. ఇక్కడ పని జరిగిపోయింది.

టపాకాయ


మార్చి 11, బుధవారం

టపాకాయకి,

ఆలస్యానికి ఏమనుకోకు. పన్ను పీకించుకోక తప్పలేదు, రెండు రోజులు దవడ దూది మూటలా ఉంది. ఫోన్ చేయొద్దన్నావని తెలుసు. కానీ హక్కులుండవని రాసిన దగ్గర్నుంచీ ఒకటే అనుమానం, ఒకవేళ ఉంటే? ఉండబట్టలేక ఆదివారం చేశాను. నువ్వు లేవు, మా అక్కయ్య ఎత్తింది. విషయం చెప్పలేక నీళ్ళు నమిలాను. ఆ మాట నీకు అందిందో లేదో.

ఇప్పుడు అసలు సంగతి. నెమ్మదిగా చదువు.

కోసే ప్రోగ్రామ్ మాటిమాటికీ చూసే రకమైతే, కలిపే ప్రోగ్రామ్ పెట్టడమంత పొరపాటు ఇంకోటి లేదు. అది ఆపుతుంది, నీది నడుపుతుంది, అది చూసి మళ్ళీ ఆపుతుంది. ఒకే గదిలో ఇద్దరు మొండివాళ్ళు లైటు వేయడం, ఆర్పడం అనుకో. ఆపినప్పుడల్లా ఆ లైను చచ్చి మళ్ళీ బతుకుతుంది. మీ హాలు గోడకి ఒక పెట్టె ఉంటుంది, వైర్లన్నీ అందులోకే వెళ్తాయి, దాన్ని స్విచ్ అంటాం. గబగబా చచ్చి బతికే లైనుని అది చూసి, ఇందులో ఏదో లోపముంది, మిగతావాళ్ళకి ఇబ్బంది అని దానంతట అదే ఆ ఒక్క లైను మూసేస్తుంది. ఇక కంప్యూటర్ వైపు నుంచి ఎంత నడవమన్నా నడవదు. పెట్టె చూసుకునేవాడు వస్తాడు, ఎందుకు మూసుకుందని వెతుకుతాడు, ఎవరి కంప్యూటరో చూస్తాడు, అందులో ఏముందో చూస్తాడు. ఎవరి మెడకి చుట్టుకుంటుందో నువ్వే ఆలోచించుకో.

ఇంకో మాట. ఏం జరిగినా నా పేరు ఎక్కడా రానివ్వకు. ఇది మాత్రం గట్టిగా పట్టుకో.

ఇది నీకు చేరేలోపు నువ్వేమీ చేసి ఉండవని నా నమ్మకం. నమ్మకమని రాశాను గానీ, అంత నమ్మకం లేదు.

మావయ్య


మార్చి 14, శనివారం

మావయ్యా,

నీ ఉత్తరం ఇవాళ చేరింది. నువ్వు రాసిందంతా నిన్ననే జరిగిపోయింది.

అక్క థాంక్స్ చెప్పింది కదా, అక్కడ మొదలైంది. తాను చేయని మేలుకి ఈవిడెందుకు దణ్ణం పెడుతోందని ఆ గాజుగది సారుకి అనుమానం వచ్చిందట. వైర్ల పని చూసే అబ్బాయిని పిలిచి, నిమిషానికోసారి చూసే ప్రోగ్రామ్‌ని క్షణానికోసారి చూసేలా మార్పించాడు. నిన్న మధ్యాహ్నం అక్కకి కళ్ళు తిరిగి మెట్ల మీద కూర్చుండిపోయింది. నేను నీళ్ళు తీసుకెళ్ళి పక్కనే ఉన్నాను. లోపల ఆ రెండు ప్రోగ్రాములూ కొట్టుకున్నాయి. మేం వచ్చేసరికి కంప్యూటర్ వెనక వైరు దగ్గర దీపం పూర్తిగా ఆరిపోయి ఉంది. గాజుగది తన గదిలోంచి ఎంత నొక్కినా నెట్ రాలేదు.

వైర్లబ్బాయి గోడ పెట్టె తెరిచాడు, తర్వాత అక్క కంప్యూటర్ తెరిచాడు, నా పన్నెండు వరుసలూ చూశాడు. గాజుగది మొహం నేను మర్చిపోలేను. కోపం కాదు మావయ్యా, సంతోషం. రోగుల వివరాలున్న కంప్యూటర్లో బయటి ప్రోగ్రామ్ పెట్టి వాటిని ఎవరికో చేరవేస్తోందని అక్క మీద మోపాడు. ఆవిడకి కోడ్ అంటే ఏంటో కూడా తెలియదు. నాకేం తెలియదండీ, నేనేం ముట్టుకోలేదండీ అని అదే మాట అంటూనే ఉంది. 23వ తారీఖు సోమవారం పదకొండింటికి పైవాళ్ళు వస్తారట, గాజుగదిలో విచారణ. అప్పటిదాకా ఆవిడ ఇంట్లోనే ఉండాలి. అక్కడ తేలకపోతే ఉద్యోగం పోవడమే కాదు, దొంగతనం కేసు.

నిన్న అక్కడే, అందరి ముందూ, నేనే పెట్టానని అరవాల్సింది. నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను. నేను. మీటింగుల్లో మైకు లాక్కునేదాన్ని.

సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఒకటే గది, తలుపు వెనక చిన్న ఉయ్యాల విప్పదీసి పెట్టి ఉంది, ఎవరో వాడినది తెచ్చుకున్నట్టున్నారు. భయపడకక్కా అన్నాను. ఇంకేం చెప్పలేకపోయాను. ఆవిడే నాకు ధైర్యం చెప్పి పంపింది.

సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి ఆ ప్రోగ్రామ్ చెరిపేద్దామనుకుంటున్నాను. ఉంటేనే కదా రుజువు. ఫోన్ మాత్రం చేయకు, దొంగతనం అంటున్నారు, ఎవరు ఎక్కడ వింటున్నారో తెలియదు.

ఇక నీ పేరంటావా, రానివ్వనులే. నీ ఉత్తరంలో అన్నిటికంటే గట్టిగా పట్టుకోమన్న మాట అదే కదా. నీ కుర్చీ నీకు భద్రం. నాకు కోడ్ నేర్పినవాడు ఇంత పిరికివాడని సెలవుల్లో తెలియలేదు.

మేనకోడలు


మార్చి 18, బుధవారం

అమ్మలూ,

టపాకాయ అని రాయబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం నిన్న అందింది. అందగానే ఫోన్ చేశాను, తిట్టుకో. నువ్వు పనికెళ్ళావంది అక్కయ్య. దేన్నీ చెరపొద్దని చెప్పమన్నాను. ఏం చెరపాలిరా, ఎంతవరకు వచ్చింది వ్యవహారం అని నన్ను నిలదీసింది. వాడు వేరే పెళ్ళి చేసుకుపోతున్నాడేమో చెప్పు, నేను తట్టుకుంటాను అంది. ఏం చెప్పను? పెట్టేశాను. సోమవారమే నువ్వు చెరిపేసి ఉంటావేమో అని ఈ పూట ఏ పనీ చేయలేకపోయాను.

చెరపకపోతే చెరపకు. ఆ పన్నెండు వరుసలే ఇప్పుడు ఆ అమ్మాయికి దిక్కు. చదవడం వచ్చిన ఎవరైనా చూస్తారు, అందులో నెట్ ఉందా అని అడగడం, నడవమనడం తప్ప ఇంకేం లేదు. ఒక్క అక్షరం బయటికి పంపే వాక్యం లేదు. అది మాయమైందంటే గాజుగది ఏం కల్పిస్తే అదే అందులో ఉన్నట్టు. కంప్యూటర్‌కీ ఏమీ కాలేదు. స్విచ్ మూసుకున్న లైను ఒక్క కమాండుతో తెరుచుకుంటుంది, వైర్లబ్బాయికి తెలుసు, అడిగితే చెబుతాడు.

నా పేరు వద్దన్నది నా కుర్చీ కోసం కాదు. బయట ఇంకో సంస్థలో నెట్‌వర్కులు చూసేవాడు వెనకుండి రాయించాడంటే దొంగతనం అన్న మాటకి కాళ్ళొస్తాయి. అదీ నా భయం. ఎందుకో రాయకుండా రానివ్వకు అని మాత్రం రాశాను. పన్ను నొప్పిలో క్లుప్తంగా రాస్తే ధైర్యం ఉన్నట్టు కనిపిస్తుందనుకున్నానేమో. నువ్వు అలా అర్థం చేసుకుంటావని తట్టలేదు.

సెలవు పెట్టాను. ఆదివారం సాయంత్రానికి వస్తున్నాను. నేను వస్తే మేలో కీడో నాకే తెలియదు. లోపలికి పిలిస్తే ఆ కోడ్ వాక్యం వాక్యం చదివి చెబుతాను, పిలవకపోతే బయట నిలబడతాను.

ఈలోపు నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఆవిడ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పు. తర్వాత ఏం చేయాలో నువ్వు నిర్ణయించకు. ఆవిడని అడుగు. ఈసారైనా ఆవిడని అడుగు.

మావయ్య


మార్చి 22, ఆదివారం

మావయ్యా,

నువ్వు వచ్చేసరికి నేను ఇంట్లో ఉండను. మొదటి, మూడో వరుసల వాళ్ళ ఇళ్ళన్నీ అయ్యాయి, ఇంకా రెండు వరుసల వాళ్ళు మిగిలారు. ఈ ఉత్తరం అమ్మ చేతికిచ్చి వెళ్తున్నాను. అమ్మకి అంతా చెప్పేశాను. అన్నీ విని, అంటే ఎవడూ లేడా అంది. నిట్టూర్చింది. తర్వాత, ఆ పిల్లకి ఎన్నో నెల అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

నిన్ను పిరికివాడన్నాను. దానికి ఉత్తరంలో ఏం రాసినా చాలదు, ఎదురుగా తిట్టు.

ప్రోగ్రామ్ చెరపలేదు. నీ మాట అందినందువల్ల కాదు. సోమవారం వెళ్ళేసరికి అక్క కుర్చీ చుట్టూ టేపు కట్టేశారు, అటు పోవడానికి వీల్లేకపోయింది. వీలుంటే చెరిపేసేదాన్నే.

నిన్న నీ ఉత్తరం చదివి అక్క దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి చెప్పాను, లోపలికెళ్ళి కూర్చుంటే మళ్ళీ చెప్పకుండానే వచ్చేస్తానని. ఆవిడ బట్టలు మడతపెడుతోంది, మడత ఆపలేదు. అంతా విన్నాక అడిగింది.

"నన్నడిగితే వద్దనేదాన్ని. అందుకే అడగలేదు కదూ?"

అవునన్నాను. అన్ని కరపత్రాలు చదివాను, జనం కోసం, జనం కోసం అని వందసార్లు ఉంటుంది వాటిలో. నాలుగు కుర్చీల అవతల ఉన్న మనిషిని ఒక్కమాట అడగాలని నాకు తోచలేదు. ఆయన ఆవిడని అడక్కుండా కోశాడు, నేను ఆవిడని అడక్కుండా కలిపాను.

రేపు లోపలికి పోయి నేనే చేశానని ఒప్పుకుంటాను, ఆయన సంగతీ తేలుస్తాను, నీ తరఫున మొత్తం మాట్లాడతాను అన్నాను. అప్పుడు మడత ఆపింది.

"నువ్వు చేసింది నువ్వు చెప్పుకో. నా తరఫున మాట్లాడకు, నాకు నోరుంది. నా పక్కన నిలబడు చాలు. వస్తే ఇంకో పదిమందిని తీసుకురా, ఆ మైకులో నన్నడిగిన రోజు తలొంచుకున్నవాళ్ళని."

అందుకే ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఎక్కడా ఉపన్యాసం ఇవ్వలేదు, నమ్మితే నమ్ము. జరిగింది చెబుతున్నాను, తప్పు నాదని చెబుతున్నాను, రేపు పదకొండింటికి లేచి నిలబడతారా అని అడుగుతున్నాను. మొదటి వరుస పెద్దాయన తలుపు వేసేశాడు. కవల పిల్లల తల్లి వస్తానంది, ఆవిడ భర్త వద్దని వెనక నుంచి తల అడ్డంగా ఊపాడు. వైర్లబ్బాయి ఇంటికీ వెళ్ళాను. ఆ కోడ్‌లో దొంగతనమేం లేదని తనకి మొదటి రోజే తెలుసట, ఎవరూ అడగలేదట. రేపు అడిగితే చెబుతాడా అంటే టీ తాగి వెళ్ళమన్నాడు. వస్తామన్నవాళ్ళలో ఎందరు నిజంగా లేస్తారో తెలియదు. నేనొక్కదాన్నే లేస్తానేమో కూడా తెలియదు.

ఏ ప్రోగ్రామూ రాయడం లేదు, ఏ కంప్యూటరూ ముట్టుకోవడం లేదు. పదకొండు కొట్టగానే చేతులు తీసి, కుర్చీ వెనక్కి నెట్టి, గాజుగది ముందుకి నడిచి వస్తాం. విచారణ అయ్యేదాకా అక్కడే ఉంటాం. మేం లేచాక హాలంతా నెట్ తెగిపోతుంది, తెగిపోనీ. అందరినీ ఒక్కసారి ఎందుకు లేచారని అడగమను.

నా ఉద్యోగం రేపటితో సరి. అది తేలిపోయింది కాబట్టి దాని గురించి భయం లేదు. ఆవిడ గురించే. ఆవిడ లోపలికి వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అక్కడ మనుషులు కనిపించాలి.

నిన్ను గేటు దగ్గర ఆపుతారు. పేరు అడిగితే నిజం పేరే చెప్పు, ఇక దాచేదేం లేదు. రానివ్వకపోతే రోడ్డు వైపు కిటికీ కింద నిలబడు, గాజుగది లోంచి ఆ కిటికీ తిన్నగా కనిపిస్తుంది. అమ్మని కూడా తీసుకురా, వస్తానంటోంది. దారిలో మా వాళ్ళెవరైనా వెనకాడుతూ కనిపిస్తే కోప్పడకు, చెయ్యి పట్టుకుని తీసుకురా.

రేపు, సోమవారం, సరిగ్గా పదకొండు గంటలకి. గాజుగది ముందు. అందరం రావాలి.